మెట్టు మార్చిన బెల్టు

చెరువులో ఏరియేటర్ ప్లేటు విరిగితే రేపల్లెలో లేత్ షాపుకి పట్టుకెళ్లా. 20 ఎమ్మెమ్ చిల్లు కావాలి. బల్ల మీదున్న బెంచ్ డ్రిల్లు చక్ 13 దాటి పట్టదు. మేస్త్రి ముందు దాని మీదే 6 ఎమ్మెమ్ చిల్లు వేసి, నేల మీద నిలబడ్డ పిల్లర్ డ్రిల్లు దగ్గరికి నడిచాడు. మూత తీసి బెల్టు మెట్టు మార్చాడు.

"6కి నిమిషానికి 1300 చుట్లు తిరిగినా పర్లేదండి. 20కి 400 చాలు, దాటితే బిట్టు అంచు కాలిపోద్ది."

అంత ఓపిగ్గా చెప్పేవాళ్లంటే నాకు ఎంత గౌరవమో! ప్లేటుని వైస్‌లో రెండుసార్లు బిగించి చూశాడు. చేత్తో పట్టుకుంటే బిట్టు పట్టేసినప్పుడు ప్లేటు గిర్రున తిరిగి వేళ్లు కోసేస్తుంది, ఎవరూ ఆ పని చెయ్యొద్దు. గ్లవ్స్ కూడా తీసేశాడు, తిరిగే బిట్టుకి చుట్టుకుంటాయని.

పాలలాంటి కూలెంట్ పోస్తూ హ్యాండిల్ దించాడు. ఇనుము వేడి వేడి జంతికల్లా చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచింది.