ట్రక్కు మీద ఎవరిని ఎలా ఎక్కిస్తున్నాం?



కూలి రేట్ల మీద రాసిన భాగానికి ఇన్‌బాక్సులో చాలా ప్రశ్నలొచ్చాయి. వాటికి వచ్చే వారం జవాబు రాస్తాను. ఈసారి ఒక బండి లెక్క చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది.

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మా పేట పిల్లాడే. ఈ మధ్య ఒక పాత జీపు కొన్నాడు, రాళ్లలో బురదలో తోలే రకం. దాన్ని రోడ్డు మీద అంత దూరం నడపకుండా ట్రైలర్ మీద ఎక్కించి, తన ఎస్‌యూవీ వెనక తగిలించుకుని పోదామని అతని ఆలోచన. "నెల రోజులుగా లెక్కలే వేస్తున్నాను మేడమ్" అన్నాడు. ఏం లెక్కలని అడిగాను.

అతని బండి పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఆ తరగతి ఎస్‌యూవీల్లో చాలావాటికి కంపెనీ పెట్టిన హద్దు 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు. జీపు 1,800 కిలోలు. అందరూ జీపు బరువు చూసి సరిపోతుందనుకుంటారు. కానీ ట్రైలర్‌కీ బరువుంటుంది కదా, అదొక 900 కిలోలు. మొత్తం 2,700. లాగాల్సింది హద్దు దాటిపోయింది. ఇంజన్ లాగలేదని కాదు, లాగుతుంది. ఆపలేదు. వెనక అంత బరువు తోసుకొస్తుంటే ముందు బండి బ్రేకులు చాలవు. అందుకే అక్కడ చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి.

ఇంకా ఉంది. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద ఆనాలి. జీపును కాస్త వెనక్కి నిలబెట్టి బరువంతా ఇరుసు వెనక్కి పోనిస్తే, స్పీడు అందుకోగానే ట్రైలర్ తోకలా ఊగడం మొదలుపెడుతుంది, చివరికి ముందు బండిని కూడా తిప్పి పడేస్తుంది. జీపును నాలుగు మూలలా బిగించి కట్టాలి. కొక్కెం ఊడినా ట్రైలర్ జారిపోకుండా కింద రెండు గొలుసులు అడ్డంగా దాటించి తగిలించాలి. ఒకవేళ విడిపోతే దానంతటది బ్రేకు వేసుకునే స్విచ్చి ఉండాలి. వెనక లైట్లు వెలగాలి. ఇన్సూరెన్సు ఉండాలి. ఇదంతా చూసుకున్నాక ఆ అబ్బాయి తన బండి పక్కన పెట్టి, ఇంకా పెద్ద బండి అద్దెకు తీసుకుంటానన్నాడు.

బాగుంది. ఒక జీపు క్షేమంగా చేరడానికి ఇంత ఆలోచన. ఇందులో నాకు తప్పేమీ కనపడలేదు. నేను ఫోన్ పెట్టేసి వేరే లెక్క వేసుకున్నాను. 1,800 కిలోలంటే మనిషికి యాభై కిలోల చొప్పున ముప్ఫై ఆరుగురు ఆడవాళ్లు.

ఇప్పుడు పొన్నూరు రండి.

మా వైపు ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టిని ట్రక్కు అంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, మిరపకాయ కోతల కాలంలో, తెల్లారీ తెల్లారకముందే ట్రక్కు వచ్చి ఆగుతుంది. ఊళ్లో కాదు, పేట దగ్గర ఆగుతుంది. పొన్నూరు చుట్టూ ఉన్నది కృష్ణా డెల్టా, వరి భూమి. మిరప, పత్తి పండేది పడమటి మెట్టలో, పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు నల్లరేగడిలో. అన్నం క్యారియర్లు, నీళ్ల సీసాలు, నెత్తికి చుట్టుకునే తువ్వాళ్లు, ఒక్కోసారి సెలవులకి ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలు కూడా ఎక్కుతారు. ముప్ఫై మంది, నలభై మంది. జీపుకి ఒక్క బరువే, అదీ కదలదు. మనుషుల బరువు మలుపులో ఒక పక్కకి ఒరుగుతుంది. నిలబడితే బరువు పైకి పోతుంది. డోరు మీద కూర్చుంటే బయటికి పోతుంది. జీపును నాలుగు మూలలా కడతారు. మనిషి పట్టుకోవడానికి పక్క మనిషి భుజమే ఉంటుంది.

మా అమ్మ పాతికేళ్లు ట్రక్కెక్కింది. ఆమె ఎప్పుడూ ముందు చెక్క దగ్గర కూర్చునేది, కొత్తగా వచ్చిన పిల్లల్ని కూడా ముందుకే లాక్కునేది. "వెనక డోరు దగ్గర కూర్చోమాకండే, ఎగిరేస్తది" అనేది. బరువు ఇరుసుకి ముందు ఉండాలని టెక్సాస్ అబ్బాయి పుస్తకంలో చదివి తెలుసుకున్నది, మా అమ్మకి నడుము చెప్పింది. మన ఆడవాళ్ల దగ్గర ఇలాంటి శాస్త్రం చాలా ఉంది. అది ఏ శిక్షణ తరగతిలోకీ ఎక్కలేదు.

అసలు మన దగ్గర ఆఫ్-రోడ్ బండి అంటే ట్రాక్టరే. దాన్ని చేసింది పొలానికి. పొలంలో చటుక్కున తిరగడానికి దానికి రెండు బ్రేకు పెడళ్లుంటాయి, కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపి కొక్కీ వేయాలి. వేయకుండా రోడ్డు మీద ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టర్ ఒక పక్కకి లాగేస్తుంది. వెనక ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులే ఉండవు. ఇక కాలవ కట్ట మీద ఏటవాలుగా దిగేటప్పుడు వెనక బరువు తోస్తే ట్రాక్టర్, ట్రక్కు మధ్యలో మడత పడిపోతాయి. పొలంలో పనికొచ్చే గుణమే మనుషుల్ని ఎక్కించుకుని రోడ్డు మీదికొస్తే ప్రాణాంతకం. చట్టానికీ ఇది తెలుసు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వ్యవసాయ ట్రైలర్ అంటే ప్రధానంగా వ్యవసాయ సామగ్రిని మోసేది. మనుషుల మాట అందులో లేదు.

మాట లేకపోయినా మనుషులున్నారు. చనిపోతున్నారు.

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాలవలో పడి తొమ్మిది మంది పోయారు. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగొస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని కొట్టింది. 2023 జూన్‌లో మన గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలంలో, శుభకార్యానికి వెళ్తున్నవాళ్ల ట్రక్కు బోల్తా పడి ఆరుగురు పోయారు. 2025 ఫిబ్రవరి 9న పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలం బొల్లవరంలో మిరప కోతకు పోయిన నలుగురు ఆడవాళ్లు ట్రాక్టర్ తిరగబడి చనిపోయారు. ఎనిమిది రోజులు తిరక్కముందే, పొన్నూరు నుంచి గుంటూరు వెళ్లే దారిలో నారాకోడూరు దగ్గర, కూలీల ఆటోకి బస్సు తగిలి మరో ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు.

ప్రతిసారీ పేపర్లో "అదుపు తప్పి" అని రాస్తారు. నేను తెలుగు పాఠాలు చెప్పేదాన్ని, మాట దగ్గర ఆగకుండా ఉండలేను. అదుపు తప్పడానికి ముందు ఒక అదుపు ఉండాలి కదా. బ్రేకు లేని ట్రక్కు, కట్టు లేని మనుషులు, లైటు లేని వెనక డోరు. తప్పిపోయిన అదుపు ఎక్కడుంది ఇందులో?

ఇంకో మాట కోర్టులో వినపడుతుంది: గ్రాట్యుయిటస్ ప్యాసింజర్. అంటే ఊరికే ఎక్కిన మనిషి. 1994లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు గూడ్స్ బండిలో సరుకుతో పాటు పోయే సరుకు యజమానికీ, అతని ప్రతినిధికీ ఇన్సూరెన్సులో చోటు దొరికింది. 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఊరికే ఎక్కినవాళ్లకు ఆ చోటు లేదని చెప్పింది. కూలీ చనిపోయిన కేసుల్లో ఇన్సూరెన్సు కంపెనీలు ఈ దారినే వస్తాయి: పాలసీ వ్యవసాయానికి ఇచ్చాం, మనుషుల్ని మోయడానికి కాదు, ఆమె ఊరికే ఎక్కింది అని. 2007లో బ్రిజ్‌మోహన్ కేసులో ట్రాక్టర్ ట్రాలీ మీద పోతూ గాయపడిన ఒక కూలీ విషయంలో కూడా కంపెనీకి బాధ్యత లేదనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అతని పేదరికం చూసి, తన ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీ డబ్బు కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. అంటే అతనికి దక్కింది హక్కు కాదు, దయ.

మీ చేలో కాయలు కోయడానికి, మీరు పంపిన బండిలో, మీరు చెప్పిన వేళకి ఎక్కిన మనిషి ఊరికే ఎక్కిందా? ఆ మాటలో కులం పేరు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

మరి ట్రక్కెక్కడం మానేయొచ్చు కదా అని అడిగే మంచివాళ్లున్నారు. ప్రమాదం జరిగిన వారం పోలీసులు కూడా అదే చెప్తారు. రెండు రోజులు ట్రక్కులు ఆపుతారు. ఆ రెండు రోజులూ పోయేది కూలి డబ్బులే.

ఎందుకెక్కుతున్నారో చూడండి. మా డెల్టాలో వరి కోతలు ఒకప్పుడు ఆడవాళ్లవి. ఇప్పుడు కోత మిషన్లవి. తడి మడిలో దిగే చైన్ మిషన్ తారు రోడ్డు మీద నడవదు. రోడ్డు పాడవుతుంది, చైనూ అరిగిపోతుంది. అందుకని దాన్ని లారీ మీద ఎక్కించి, చైన్ల కింద దిమ్మలు పెట్టి, గొలుసులు బిగించి తీసుకొస్తారు. మా పేట ముందు నుంచే పోతుంది. పని తీసుకున్న మిషన్ కట్టు దిట్టంగా ఊళ్లోకి వస్తుంది. పని పోయిన మనిషి కట్టు లేకుండా పాతిక కిలోమీటర్ల అవతలి పనికి పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ట్రక్కు మీద నాకు కోపం ఒక్కటే లేదు. మన చుట్టూ ఉన్న ఊళ్లలో పేటను లొంగదీయడానికి మొదట వాడే ఆయుధం పని ఆపేయడం. చుండూరు ఎంతో దూరం లేదు మనకి. 1991 ఆగస్టు 6కి ముందు అక్కడ జరిగింది సాంఘిక బహిష్కరణే. సొంత ఊరి ఆసామి పనికి పిలవకపోయినా పక్క మండలం నుంచి ట్రక్కొస్తుందంటే, ఆ ఆసామి ముందు చేతులు కట్టుకోనక్కర్లేదు. మా అమ్మ తరానికి ఊరి గుప్పిట్లోంచి బయటపడే దారి ఈ ట్రక్కే. అందుకే "ఎక్కొద్దు" అనే మాట నేను అనను. ఎక్కడం ఆమె హక్కు. క్షేమంగా చేర్చడం పిలిచినవాడి పూచీ.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి బస్సు ఉచితం. మంచిదే. కానీ తెల్లారుజామున చేను గట్టు దాకా పోయే బస్సు ఏది? కోతల నాలుగు నెలలు ఆ వేళకి ఆ దారుల్లో బస్సులు వేయమని డిపోలను అడగడం పెద్ద విప్లవమేమీ కాదు. అడిగితే వచ్చేదే.

విద్యార్థి మిత్రులకి చేయాల్సిన పనులు చెప్తాను. మీ పేట దగ్గర ఆగే ట్రాక్టర్, ట్రక్కు నంబర్లు రెండూ రాసి పెట్టుకోండి, అవి వేరుగా ఉంటాయి. పాలసీ ఉందా, కూలీలకి అదనపు ప్రీమియం కట్టారా అని ముఠా మేస్త్రి ద్వారా అడిగించండి. రెండు పెడళ్లకి కొక్కీ వేశారా, హుక్కు పిన్నుకి క్లిప్పు ఉందా, వెనక లైటు వెలుగుతోందా, ఇవి చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. వెళ్లిన ప్రతిరోజూ ఎవరెవరు ఎక్కారో ఒక నోటుబుక్కులో పేర్లుండాలి, ఎవరి చేలోకో కూడా రాయాలి. రేపు "ఊరికే ఎక్కింది" అని ఎవరైనా అంటే ఆ నోటుబుక్కే సాక్ష్యం. ప్రమాదం జరిగితే రాజీ కబుర్లతో నెలలు గడిపేయనివ్వకండి. 2019 సవరణ క్లెయిము వేయడానికి ఆరు నెలల గడువు పెట్టింది, 2022 ఏప్రిల్‌లో అది అమల్లోకి వచ్చింది. పెద్దమనుషులు "చూద్దాంలే" అనేది ఆ గడువు దాటించడానికే కావచ్చు.

కూలి రేటు మాట్లాడేటప్పుడు బండి మాట కూడా అందులోనే మాట్లాడాలి. కిలోకి ఎంత, రోజుకి ఎంత అని అడుగుతున్నాం. ఎందులో తీసుకెళ్తారు, తిరిగి ఇంటికి ఎలా చేరుస్తారు అని కూడా ట్రక్కెక్కకముందే అడుగుదాం.

జై భీమ్.