రెండు కట్టలకోసారి లేవాలి

బీపీ ఎంతకీ అదుపులోకి రావట్లేదని ఎవరైనా వస్తే, మందు మార్చే ముందు వాళ్ల గోళీల కవర్ అడుగుతాను. చిన్నకోడూరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాడే మందులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకుని తెస్తారు. నాట్ల రోజుల్లో వచ్చిన ఓ రైతు కవర్లో రెండు రకాల బీపీ గోళీలున్నాయి. తప్పకుండా వేసుకుంటున్నాడు. అయినా బీపీ 170/100. కవర్ అడుగున కాగితంలో చుట్టిన గోళీలు ఇంకొన్ని కనిపించాయి. ఇవేంటియన్నా అని అడిగితే, "గవి నడుముకు సారూ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. గవి బీపీయి కావు" అన్నాడు.

అవి డైక్లోఫెనాక్. నొప్పిని తగ్గించే ఈ రకం మందులు మూత్రపిండాల మీద పనిచేసి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవబెడతాయి. దాంతో బీపీ పెరుగుతుంది, చాలా రకాల బీపీ మందులు సరిగా పనిచేయవు. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, గుండెపోటు ముప్పూ పెరుగుతుంది. ఆ గోళీ మాన్పించి, మరీ నొప్పిగా ఉన్న రోజు పారాసెటమాల్ వేసుకోమన్నాను. నడక మొదలుపెట్టించాను. కొన్ని వారాలకు, పాత బీపీ మందులతోనే, అతని బీపీ దిగింది.

నడుముకు ఒక డాక్టరు, గుండెకు ఒక డాక్టరు, రెండు చీటీలు. ఒంటికి ఆ విభజన లేదు. నడుముకని మింగింది గుండె మీద పడుతుంది, నడుముకని మంచం ఎక్కితే గుండె బలహీనపడుతుంది. బాగుచేసే దారి కూడా రెంటికీ చాలావరకు ఒకటే అని నా నమ్మకం. అందుకే ఈ రెండు జబ్బుల గురించి విడివిడిగా మాట్లాడటం నాకిష్టం ఉండదు.

2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల జలాశయం రంగనాయక సాగర్‌లోకి గోదావరి నీళ్లు వచ్చాక మా చిన్నకోడూరు మండలంలో వరి బాగా పెరిగింది. బోరు ఎండిపోతుందేమోనని కుమిలిపోయిన రైతులను చూసినవాడిగా ఆ నీళ్ల విలువ నాకు తెలుసు. పని తీరు మాత్రం మారిపోయింది. పొలానికి బండి మీద వెళ్తున్నాం, దున్నడానికి ట్రాక్టరు, కోతకు మిషను. వారాల పాటు ఒళ్లు కదలదు. ఆ తర్వాత ఒక్కసారిగా 45 కిలోల యూరియా బస్తాలు మోయాల్సి వస్తుంది, రోజంతా వంగి నారు పీకాల్సి వస్తుంది. అలవాటు తప్పిన నడుము పట్టేస్తుంది. బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, ఛాతీకి ఆనించి లేపండి, ఇంకొకరిని సాయం పిలవండి అని చెబుతూనే ఉంటాను.

"పొలం పని జేసేటోనికి మళ్ల వాకింగేంది సారూ?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వంగి నాటు వేయడం కష్టమైన పని, సందేహం లేదు. అయితే ముందుకు వంగినప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. నిటారుగా, ఒకే ఊపులో, అరగంట నడవడం వేరు. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టరు లండన్ బస్సుల సిబ్బంది మీద చేసిన పరిశీలన వెలువడింది. కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని అందులో తేలింది. నడుము సంగతి 2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు చెప్పారు. నొప్పి తగ్గాక ఫిజియోథెరపిస్టు సలహాతో నడక పెంచుకుంటూ వెళ్లినవాళ్లలో సగం మందికి అది తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. అలా నడవనివాళ్లలో 112 రోజులే.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బీడీలు చుట్టే ఆడవాళ్ల నడుములు. సిద్దిపేట, దుబ్బాక వైపు ఎన్నో ఇళ్లు ఈ పని మీద నిలబడ్డాయి. ఒకావిడ ఎలా కూర్చుంటుందో నాకు చేసి చూపించింది. గోడకు జానెడు దూరంలో బాసింపట్టు, ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. మెడ వంగి గడ్డం ఛాతీకి తగులుతోంది. వేళ్లు తప్ప ఒంట్లో ఏదీ కదలదు. గంటకోసారి లేచి తిరగమన్నాను. "లేస్తే లెక్క తగ్గుతది సారూ, వెయ్యి గావాలె" అంది. నిజమే, ఆమె కూలీ బీడీల లెక్క మీదే. గడియారం చూసుకుంటూ కూర్చునే పనీ కాదు. అందుకని ఆమె లెక్కలోనే చెప్పాను. కట్టకు 25 బీడీలు, వెయ్యికి 40 కట్టలు. రెండు కట్టలు కాగానే లేచి, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి వంగి, కుండ దాకా పోయి నీళ్లు తాగి రావాలి. వీపు గోడకు ఆనాలి, చాట కింద పీట ఉండాలి. మళ్లీ వచ్చినప్పుడు నొప్పి పూర్తిగా పోలేదంది, కానీ రాత్రి పక్క మీద తిరగగలుగుతున్నానంది. ఆమె భర్త కాల్చే బీడీల మాట కూడా ఎత్తాను. పొగ గుండె రక్తనాళాలను పూడుస్తుంది, డిస్కులకు అందే కాస్త పోషణనూ తగ్గిస్తుంది.

తిండి దగ్గర సలహాలకంటే నేను అడిగే ప్రశ్నలే ఎక్కువ పనిచేస్తాయి. కిలో ఉప్పు ప్యాకెట్ ఇంట్లో ఎన్ని రోజులొస్తుంది? మనిషికి రోజుకు 5 గ్రాములు దాటొద్దంటే, నలుగురికి అది 50 రోజులు రావాలి, తొక్కులో వేసింది కూడా కలిపి. చాలా ఇళ్లలో నెల కూడా రాదు. నూనె అయితే నలుగురికి నెలకు మూడు ప్యాకెట్లతో సరిపెట్టాలి. అన్నం మానమని నేను ఎవరికీ చెప్పను. పళ్లెంలో అన్నం తగ్గిన చోట పెసర్లో బెబ్బర్లో పుంటికూరో గంగవాయిలో పడాలంటాను. రాత్రికి జొన్నరొట్టె చేయమంటే పెద్దవాళ్లు సంబరపడతారు, పిల్లలే మొహం తిప్పుకుంటారు. గుడ్డు, పప్పు తగ్గించొద్దు. నడుమును పట్టి ఉంచేది కండ, కండకు మాంసకృత్తులు కావాలి. పొట్ట తగ్గితే నడుము మీద బరువు, గుండె మీద పని, రెండూ తగ్గుతాయి.

నడవమని ఇంతగా చెప్పాను కాబట్టి, నడవకూడని సందర్భాలూ చెప్పాలి. నడుం నొప్పితో పాటు కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. రెక్కల మధ్య వీపులో నొప్పి లేచి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, దవడకో ఎడమ చేతికో పాకినా అది నడుం పట్టూ కాదు, గ్యాసూ కాదు. జండూబామ్ రాసుకుని పడుకోవద్దు. బండి మీద వెనక కూర్చుని పోవద్దు. 108కి ఫోన్ చేసి, వెళ్లిన చోట మొదట ఈసీజీ తీయమని అడగండి.