కథ ఎవరి దగ్గర ఉంది?

1974లో గైగాక్స్, ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే రోల్‌ప్లేయింగ్ ఆట వచ్చినప్పుడు, ఆట నడిపేవాళ్లు కథను కాగితం మీదే రాసుకునేవారు. ఇప్పుడు ఏళ్ల తరబడి అల్లిన ఊళ్లు, రాజులు, రహస్యాలు అన్నీ ఏదో ఒక యాప్‌లో ఉంటున్నాయి.

అది మూతపడితే?

2019 ఏప్రిల్‌లో గూగుల్ తన సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్‌ను మూసేశాక, పాతతరహా రోల్‌ప్లేయింగ్ ఆటల అభిమానులు అక్కడ పోగుచేసుకున్న చర్చలు చెల్లాచెదురయ్యాయి. అందుకే హంగుల కన్నా ముందు చూడాల్సింది, రాసుకున్నది బయటికి తీసుకునే దారి.

అబ్సిడియన్ అనే యాప్ నోట్స్‌ను సొంత కంప్యూటర్లోనే మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ ఫైళ్లుగా ఉంచుతుంది. అవి మామూలు నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటాయి, ఇది చాలా పెద్ద భరోసా. బ్యాకప్ బాధ్యత మాత్రం వాడేవాళ్లదే. నోషన్ అనే ఆన్‌లైన్ యాప్‌లో ఆటగాళ్లతో పంచుకోవడం తేలిక, మార్క్‌డౌన్‌లోకి దించుకోవచ్చు కూడా. కానీ ఒక పేజీ షేర్ చేస్తే మామూలుగా దాని కింది పేజీలూ కనిపిస్తాయి. కాబట్టి ఆటగాళ్లకు తెలియకూడని విలన్ గుట్టు వేరేచోట రాసుకోవాలి.