ఎవరు పడేశారు?

పాత పత్రికల కట్టలు విప్పి జిల్లా వార్తలు చదవడం నాకున్న పనికిమాలిన అలవాట్లలో ఒకటి. వార్త మొదట్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనే పేర్లలో ఏదో ఒకటి ఉంటే కన్ను అక్కడే ఆగుతుంది. అలా చదవగా చదవగా తేలిందేమంటే, మా వైపు వార్తల్లో మనుషులకన్నా ఎక్కువ చాకిరీ చేసింది ‘పడు’ అనే క్రియ. వాన పడింది. ధర పడింది. సభ వాయిదా పడింది. గుట్టు బయటపడింది. దొంగలు పట్టుబడ్డారు. ఊరు ముంపు బారిన పడింది.

ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మారిన 1914 నాటి తెలుగుకూ ఇప్పటి పత్రికల తెలుగుకూ చాలా దూరం. ‘పడెను’ పోయి ‘పడింది’ వచ్చింది. ‘తీర్మానము ఆమోదింపబడినది’ లాంటి వాక్యాలు నవ్వులపాలై సర్కారు కాగితాల్లో తలదాచుకున్నాయి. అలా ఇంగ్లిషు వాక్యానికి తెలుగు తొడుగు వేస్తే ఊరుకోని విమర్శకుడు రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) పులివెందుల పక్కన పైడిపాలెంలోనే పుట్టాడు. ‘అనువాద సమస్యలు’ రాసింది ఆయనే. ‘ఆమోదింపబడినది’లోని ఆ ‘బడు’ను ఎంత తరిమినా ‘పడు’ జోలికి ఎవరూ పోలేదు. పోలేరు కూడా. అది అరువు తెచ్చుకున్నది కాదు, మన నోట్లో పుట్టింది.

పులివెందుల, లింగాల వైపు చీనీతోటల రైతులు కలుసుకుంటే మొదటి ప్రశ్న “బోరేస్తివంట, నీళ్లు పడినాయా?” అని. నీళ్లు తెచ్చావా అని ఎవరూ అడగరు. పడితే పడినట్టు, లేకుంటే లేదు. బోరుబండివాడు అడుగుల లెక్కన డబ్బు తీసుకుని పోతాడు. నీళ్లు పడకపోతే వాడిదేం పోయింది? రైతు మళ్లీ అప్పు పుట్టించుకుని తోటలో ఇంకో మూల చూపిస్తాడు. ఇక్కడ కర్త నిజంగానే లేడు, అందుకని ఈ క్రియ అబద్ధమాడదు. ప్రొద్దుటూరులోనూ అంతే. బంగారం అంగళ్లకు పేరుపడ్డ ఊరే గాని, రేటు పడేదీ లేచేదీ అక్కడి వ్యాపారి చేతిలో లేదు. ఎక్కడో లండన్‌లో కదిలితే ఇక్కడ పెళ్లివాళ్లు గుండెలమీద చెయ్యేసుకుంటారు.

చిక్కంతా జమ్మలమడుగు దగ్గర వస్తుంది. అక్కడి గండికోట పేరులోని గండి పెన్నమ్మ ఎర్రమల కొండల్ని కోసుకుని చేసుకున్న దారి. వేంపల్లె దగ్గర గండి పాపఘ్ని చేసుకున్నది. ఆ రెంటికీ ‘గండి పడింది’ అంటే ఒప్పుకుంటాను. చెరువు కట్ట సంగతి వేరు. కట్ట దానంతటది తెగితే గండి పడినట్టు, రాత్రి ఎవడో గడ్డపారతో తవ్వితే గండి కొట్టినట్టు. పల్లెలో ఈ తేడా చిన్నపిల్లకు కూడా తెలుసు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు గండి పడిందా, గేట్ల సంగతి పట్టించుకోక పడనిచ్చారా అని జనం వాదించుకున్నది కూడా ఈ తేడా మీదే.

2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరులోకి నీళ్లొచ్చాయి. పరిహారం తేలనిదే, పునరావాసం పూర్తి కానిదే కదలమని ఊరివాళ్లు ఆందోళన చేశారు. అలాంటి ఊరి గురించి ‘ముంపు బారిన పడింది’ అని రాస్తే వ్యాకరణానికి ఏ దోషమూ అంటదు. కానీ జలుబు బారిన పడ్డట్టు, అప్పుల బారిన పడ్డట్టు, ఊరు నడుస్తూ నడుస్తూ కాలుజారి నీళ్లలో పడ్డట్టుంది ఆ మాట. నీళ్లు నిలపాలని ఎవరో నిర్ణయించారు, ఎవరో సంతకం పెట్టారు. ఇరవై ఆరు టీఎంసీల పైచిలుకు పట్టే జలాశయం దానంతటది నిండదు.

ఫ్యాక్షన్ రోజుల వార్తలు తీస్తే ఇదే పద్ధతి ఇంకాస్త ముదిరి కనిపిస్తుంది. బాంబులు పడ్డాయి, గుర్తు తెలియని వ్యక్తులు దాడికి పాల్పడ్డారు. విలేఖరి పిరికివాడని తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. కోర్టు తేల్చకముందే పేరు రాయకూడదు, పైగా మరుసటి రోజు అతను అదే బస్టాండులో బస్సెక్కాలి. తప్పు పట్టాల్సింది ఆ అలవాటు కోర్టూ కత్తీ రెండూ లేని వార్తల్లోకి కూడా పాకడాన్ని. రోడ్డు గుంతలు పడింది, పింఛనుకు కోత పడింది, బడి మూతపడింది. వీటిలో ఎవరికి భయపడి కర్తను దాచాలి?

వింతేమంటే ఇదే క్రియ మా ఊళ్లలో నోటిమాటగా వచ్చేటప్పుడు ఎవరినీ దాచదు. పత్రికలో ‘గుర్తు తెలియని వ్యక్తుల దాడి’ అని అచ్చయిన పొద్దున, టీ అంగడి దగ్గర “ఫలానావాళ్లు మీద పడి కొట్టినారు” అంటారు. ఆ ఫలానాకు ఇంటిపేరుంటుంది, తండ్రి పేరుంటుంది, ఏ వీధి నుంచి వచ్చారో కూడా ఉంటుంది. వార్త చదివినవాడు పేపరు మడిచి పక్కవాడికిస్తూ గొంతు తగ్గించి చెప్పేది ఆ పేర్లే.