నేను తాకి చూచిన గడ్డ

ఈ నెల నా తప్పొకటి మీతో చెప్పుకొనవలెనని యున్నాను.

జైపూరులో సింగరేణి విద్యుత్ కేంద్రపు గొట్టములు కనబడు ఒక వాడలో, బాయి పనిచేయు సహోదరుడొకడు కలడు. రెండేండ్ల క్రిందట నేనతని యింటికి వెళ్లగా, "అయ్యగారూ, తొడల గడ్డ పెరుగుతున్నట్టుంది, నొప్పైతే లేదు" అని చూపెను. తాకి చూచితిని. మెత్తగా నుండెను. నా తండ్రి వీపున అట్టిది ముప్పది యేండ్లుండియు ఏ కీడును చేయలేదు. "కొవ్వు గడ్డే, భయపడకు" అని చెప్పి వచ్చితిని. నేను వేదాంత పాఠశాలలో చదివినవాడనే గాని వైద్యము చదివినవాడను కాను. అయినను అతడు నా మాట నమ్మి ఆరు నెలలు ఊరకుండెను. ప్యాంటు ఒక కాలికి బిగుతు కాగా, భార్య పోరి హైదరాబాదు తీసికొనిపోయెను.

అక్కడ స్కానింగు తీసి, సూదితో ముక్క తీసి, ఫార్మలినులో నానబెట్టి, మైనములో నిలిపి, వెంట్రుక కంటె ఎంతో పలుచని పొరలుగా కోసిరి. మామూలు రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూడగా అదియు కొవ్వువలెనే కనబడెనట! కొన్ని కణకేంద్రములు మాత్రము వికారముగా నుండెను. వైద్యురాలు నావలె తొందరపడక ఇమ్యూనో స్టెయిన్లు చేయించెను.

ఇదెట్టిదనగా, ప్రతిరక్షకము అను పదార్థము తాను వెదకు ప్రొటీనునే పట్టుకొనును. పట్టుకొన్నచోట గోధుమరంగు తేలును. 1941లో ఆల్బర్ట్ కూన్స్ అమెరికాలో ప్రతిరక్షకమునకు మెరయు రంగు తగిలించి ఈ త్రోవ తీసెను. 1975లో కోహ్లర్, మిల్‌స్టైన్ ఒకే తీరు ప్రతిరక్షకములను కావలసినంత చేయు ఉపాయము కనుగొని, 1984లో నోబెల్ బహుమానము పొందిరి. కండరపు గడ్డను డెస్మిన్, నరపు పొర గడ్డను ఎస్-100, కొవ్వు జాతి క్యాన్సరును ఎం.డి.ఎం.2 పట్టి చూపును. అయితే ఏ మరకయు ఒంటరిగా తీర్పరి కాదు. ఎస్-100 మంచి కొవ్వు కణములలోను తేలును! కాబట్టి పలు సాక్ష్యములను స్కానింగుతోను, కణముల రూపముతోను సరిచూచియే వైద్యులు నిర్ణయింతురు.

ఇతని ముక్కలో ఆ వికార కేంద్రములకు ఎం.డి.ఎం.2 మరక పట్టెను. అది మెల్లగా పెరుగు లైపోసార్కోమా. ఈ రకము దూరపు అవయవములకు ప్రాకదు గాని, కొంచెము మిగిలినను మరల పుట్టవచ్చును. కొందరిలో ఏండ్లు గడచిన పిమ్మట తీవ్రరూపము దాల్చును. శస్త్రచికిత్స జరిగెను. కాలు దక్కెను. నేటికిని అతడు తనిఖీలకు పోవుచున్నాడు.

నేనతని యెదుట తప్పు ఒప్పుకొంటిని. "మీరేం జేస్తరు అయ్యగారూ, అది కొవ్వు లెక్కనే ఉండె" అనెను. అతని క్షమాపణ నాకు ఊరట నిచ్చెను గాని, ఆ ఆరు నెలలను తిరిగి ఇయ్యలేదు.

చదువరులారా, నొప్పి లేదని గడ్డను ఉపేక్షింపకుడి. అయిదు సెంటీమీటర్లు దాటినను, లోతుగా నున్నను, పెరుగుచున్నను వైద్యునికి చూపుడి. మీ మాటను నమ్ముకొన్నవారు మీకు కలరా? వారికి ధైర్యము చెప్పుడి, కాని మొదట వారితోకూడ ఆసుపత్రికి నడువుడి. నేను ఆనాడు చేయవలసినది అంతే.