ఇంకా 6 మిల్లీమీటర్లుంది

"అన్నా, ప్యాడ్లు ఇంకా 6 మిల్లీమీటర్లున్నాయి. ఇప్పుడే ఎందుకు మార్చడం?"

బ్రేక్ ప్యాడ్లు మార్చేయమని కస్టమరే చెప్పి పొద్దున కారు వదిలి వెళ్లాడు. మా షెడ్డులో కుర్రాడు చక్రం విప్పి, కొలిచి, నా దగ్గరికొచ్చి అన్న మాట ఇది.

కొత్త ప్యాడ్ సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చాల్సిందే.

వాడి మాట విని ఎంత గర్వంగా అనిపించిందో!

అమ్మిన పార్టుకింత అని కమీషనిచ్చే షెడ్లున్నాయి. అక్కడ ఈ మాట అనాలంటే కుర్రాడు తన డబ్బులు వదులుకోవాలి. ఆ పరీక్ష వాడికెందుకు పెట్టాలి?

అందుకే మా దగ్గర నెల జీతమే. బేరాల్లేని నెలలో కూడా.
(ఆషాఢంలో కాస్త కష్టమే.)

"ఇప్పుడే అక్కర్లేదండీ" అని చెప్పే మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడా? కింద రాయండి, నలుగురికీ తెలుస్తుంది.