సోల నుంచి కుంచం దాకా ఒకే కోడ్

మాది రేపల్లె. బీటెక్ బాపట్లలో చదివా. ఇప్పుడు తెనాలిలో గది తీసుకుని వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నా. ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటాలకు సాఫ్ట్‌వేర్ రాయడం మా టీమ్ పని. వాడే భాష రస్ట్. మెమరీని, చిప్‌ని దగ్గరగా చూసుకోవాల్సిన పనులకు పుట్టిన భాష ఇది. 2015లో 1.0 వెర్షన్ వచ్చింది. 2022 చివర్లో లైనక్స్ కెర్నల్‌లోకి కూడా అడుగుపెట్టింది.

రస్ట్‌లో అంకెలు దాచుకోవడానికి రకరకాల సైజుల పాత్రలుంటాయి. మైనస్ లేని పూర్ణాంకాలకు యూ8, యూ16, యూ32, యూ64, యూ128. మెమరీలో ఇవి వరసగా 1, 2, 4, 8, 16 బైట్లు. మైనస్ కూడా కావాలంటే ఐ8 నుంచి ఐ128 దాకా ఇంకో ఐదు.

ఓసారి ఇంటికెళ్లినప్పుడు మా నాయనమ్మకు ఇది చెబితే నవ్వింది. "ఇందులో కొత్తేముందిరా? రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం" అంది. లెక్క వేసి చూడండి. సోలను ఒకటి అనుకుంటే తవ్వ 2, మానిక 4, అడ్డ 8, కుంచం 16. అచ్చం అవే అంకెలు!

ఇక మా పని సంగతి. కాటాలోని చిప్‌లో మెమరీ తక్కువ. అక్కడ చిన్న పాత్రలే వాడాలి. రోజంతా వచ్చిన బస్తాల మొత్తం వేసే సర్వర్‌లో పెద్దది కావాలి. రెండు చోట్లా చేసేది మాత్రం కూడికే. ఒక్కో సైజుకీ ఒక్కో ఫంక్షన్ రాసుకుంటూ పోవాలా? అక్కర్లేదు. రకం పేరు ఉండాల్సిన చోట 'టీ' అని పెట్టి ఒక్కసారి రాస్తే చాలు. ఏయే రకాలతో వాడితే ఆయా రకాలకు కంపైలరే విడివిడిగా కోడ్ తయారుచేస్తుంది. దీన్నే జెనరిక్ ప్రోగ్రామింగ్ అంటారు.

పైథాన్ నుంచి వచ్చిన మా జూనియర్ ఇలాగే రాశాడు. కంపైలర్ ఒప్పుకోలేదు. టీని టీతో కూడటం కుదరదంది. "ఇదేంటన్నా, అంకెలే కదా!" అన్నాడు. అంకెలని మనకు తెలుసు, దానికి ఎలా తెలుస్తుంది? టీ స్థానంలో రేపు ఎవరైనా ఒక ఫైల్‌ని తెచ్చి పెట్టొచ్చు. అందుకే 'కూడటం వచ్చిన రకమే రావాలి' అని ముందే షరతు రాయాలి. ఆ షరతు పేరు యాడ్ ట్రెయిట్. సరే, కొలిచే ముందు పాత్ర ఖాళీగా ఉండాలి కదా? సున్నా అని నేరుగా రాసినా ఒప్పుకోదు, ఎందుకంటే ఏ రకం సున్నా ఆ రకానిదే. తమాషా ఏంటంటే, అన్ని పూర్ణాంకాలకూ కలిపి మనం వాడుకునే ఒకే ట్రెయిట్ స్టాండర్డ్ లైబ్రరీలో లేదు. ఆ లైబ్రరీ రాసినవాళ్లే మాక్రోలతో ప్రతి రకానికీ అవే పద్ధతులు అచ్చు వేసుకున్నారు. మనలాంటి వాళ్లం నమ్-ట్రెయిట్స్ అనే క్రేట్ తెచ్చుకుంటాం. అందులో జీరో, వన్, చెక్డ్‌యాడ్ అన్నీ ఉంటాయి.

ఇంతవరకూ సిలబస్. అసలు గొడవ పాత్ర నిండినప్పుడు మొదలవుతుంది.

యూ16లో పట్టే పెద్ద అంకె 65,535. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, గ్రాముల్లో 75,000. పట్టదు. బలవంతంగా యూ16లోకి కుక్కితే మిగిలేది 9,464. అంటే 75 కిలోల బస్తా 9 కిలోల 464 గ్రాములైపోతుంది, ఏ ఎర్రరూ లేకుండా! మామూలు కూడిక గుర్తు వాడితే, టెస్టింగ్‌లో నడిపే డీబగ్ బిల్డ్ ఆగిపోయి చెబుతుంది. జనం చేతికి వెళ్లే రిలీజ్ బిల్డ్ మాత్రం, మనం సెట్టింగ్ మార్చకపోతే, చప్పుడు చేయకుండా మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది.

అందుకే రస్ట్ ఇచ్చిన దారుల్లో మూడు చూద్దాం. ర్యాపింగ్ అంటే నిండిన మానికను లెక్కలో రాయకుండా కుమ్మరించి మళ్లీ మొదలుపెట్టడం. శాచురేటింగ్ అంటే తలకొట్టి కొలవడం, అంచు దాకా ఉంచి పైది తోసేయడం. చెక్డ్ అంటే "నిండింది, ఆగు" అని చెప్పడం.

మా టీమ్‌లో దీని మీద రెండు రోజులు వాదన నడిచింది. "యూ32 వాడుతున్నాం కదా, నిండదు. ప్రతి కూడికకూ పరీక్ష ఎందుకు దండగ?" అన్నాడు సీనియర్. నిజమే, ఈరోజు యూ32. కానీ మేం రాసింది జెనరిక్ ఫంక్షన్. రేపు ఇంకో చౌక చిప్ కోసం ఎవరో దాన్నే యూ16తో వాడతారు. వాళ్లకు మన వాదన గుర్తుండదు, ఫంక్షన్ మీద రాసిన షరతు మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి చెక్డ్‌యాడ్‌ని షరతులోనే పెట్టాలన్నాను. కాటా సెకనుకు చేసే కూడికలు ఎన్నో లెక్కేసి చూపిస్తే, ఆ పరీక్షకయ్యే ఖర్చు కనపడనే లేదు. చివరికి అదే పెట్టాం. ఇప్పుడు అంకె పట్టకపోతే కాటా తప్పు బరువు చూపించదు, ఎర్రర్ చూపిస్తుంది.

నేనంత పట్టుబట్టడానికి కారణం మా నాన్న. ఆయన కౌలు రైతు. మానికతో కొలిచే రోజుల్లో తలకొట్టారా, పొంగుగా పోశారా అన్నది కళ్లెదురుగా కనిపించేది. తేడా వస్తే పోట్లాడేవాళ్లు. ఇప్పుడు స్క్రీన్ మీద వెలిగిన అంకెను నమ్మడం తప్ప ఆయన చేయగలిగిందేమీ లేదు.

ఇది బస్తాలతో ఆగే విషయం కూడా కాదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలోనే, ఎగిరిన 40 సెకన్లలోపే పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే పట్టలేదు. గొడవ అక్కడే మొదలైంది.

రస్ట్ నేర్చుకుంటున్నవాళ్లు ఈ వారాంతం ఒక పని చేయండి. ఏ పూర్ణాంక రకాన్నైనా కూడే ఫంక్షన్ ఒకటి రాసి, యూ8లో 200కి 100 కలపండి. ర్యాపింగ్ అయితే 44 వస్తుంది, శాచురేటింగ్ అయితే 255, చెక్డ్ అయితే 'నన్'. ఆ 300 మీ ఇంట్లోవాళ్ల కష్టార్జితమైతే ఈ మూడింటిలో ఏది కనిపించాలో ఆలోచించి, అప్పుడు షరతు రాయండి.